పొలిమేర దాటని కోడి

మిట్టమధ్యాహ్నం కోడి నిద్రపోదు. మట్టి కెలుకుతుంది, ధూళిలో పొర్లుతుంది, గోడనీడన నిలబడి ఒక కన్ను మూసినా రెండో కన్ను తెరిచే ఉంచుతుంది. అలా కాక, రెండు కళ్లూ మూసుకొని, మెడను ఈకల్లోకి దించుకొని, తనకు మాత్రమే వినిపించే జోలపాటకు ముందుకూ వెనక్కూ ఊగే కోడి ఏ వాకిట్లో కనిపించినా ఈదమ్మ చేతిలోని పని ఆపేసేది. అది నిద్ర కాదని ఆమెకు తెలుసు. అయినా అంత నెమ్మదిగా చచ్చిపోవడం తనకు తెలిసిన మరే ప్రాణికీ చేతకాలేదని అనుకునేది.

ఈదమ్మ పుట్టింది మంచాలలో. కోడలుగా వచ్చింది ఇబ్రహీంపట్నం మాలవాడకు. పుట్టింటివాళ్లూ అత్తింటివాళ్లూ బాప్తిస్మం పుచ్చుకున్న కుటుంబాలే. ఆదివారం ప్రార్థన వాళ్లది. మిగిలిన రోజులు ఊరి దొర ఉండే గడివి. దొర పొలాల్లో నాగలి పట్టేవాడు భర్త దానియేలు. అత్త చనిపోతూ కోడలికి నగలు ఇవ్వలేదు, పొలం ఇవ్వలేదు. రెండు పనులు ఇచ్చింది.

మొదటిది గడికి కోళ్లు చేరవేసే పని. పోలీసు అమీను వచ్చినా, తాలూకా కచేరీ వాళ్లు వచ్చినా, దొరకు చుట్టం వచ్చినా ఊళ్లోని ఇల్లిల్లూ వంతు ప్రకారం కోడిని ఇచ్చుకోవాలి. ఈదమ్మ గంప నెత్తిన పెట్టుకొని వాకిలి వాకిలికీ తిరిగి, ఆ కోళ్లను తెచ్చి గడి వెనక ఉన్న గూట్లో వేసి, కోసేదాకా మేపాలి. కూలి లేదు. మనుషుల చేత ఇట్లా ఊరికే పని చేయించుకోకూడదని సర్కారు ఉత్తర్వు అప్పటికే ఉంది. ఉత్తర్వు హైదరాబాదులో ఉంది, ఉర్దూలో ఉంది, బీరువాలో ఉంది. అది గడి గుమ్మం దాకా నడిచి రాలేదు. రావడానికి దానికి కాళ్లు ఇచ్చినవాడు లేడు. చట్టం ఉండి అమలు కాకపోవడాన్ని నిర్లక్ష్యం అంటారు. అది నిర్లక్ష్యం కాదు, ఏర్పాటు.

రెండో పని రోగాన్ని సాగనంపడం. ఏ ఇంట్లోనైనా కోడి తూగడం మొదలుపెడితే దానికి పసుపు పూసి, నెత్తిన కుంకుమబొట్టు పెట్టి, గంపలో మోసుకెళ్లి ఊరి పొలిమేర అవతల వదిలి రావాలి. కోడితోపాటు రోగమూ ఊరు దాటిపోతుందని నమ్మకం. పాస్టరు ఈ పని పాపమన్నాడు. ఈదమ్మ ఆయన మాట విన్నది, తల ఊపింది, తర్వాతి వారం ఇంకో కోడిని దాటించింది. ఆయన ఇంటి కోడినే.

గూడు అంటే కర్రల గూడు కాదు. ఒకప్పుడు ధాన్యం పోసిన రాతి గది. వంగి దూరవలసిన తలుపు ఒకటే, కిటికీ లేదు. మధ్యలో రాతి తొట్టి. కోళ్లు ఆ నీళ్లే తాగేవి, ఆ నీళ్లలోనే రెట్టలు వేసేవి. ఆ తూగుడును పశువైద్యులు ఇప్పుడు కోళ్ల కలరా అంటున్నారు. కంటికి కనిపించని సూక్ష్మజీవి ఒక కోడి ముక్కునుంచి, నోటినుంచి, రెట్టనుంచి నీళ్లలోకి, నీళ్లనుంచి మరో కోడిలోకి వెళుతుందని, ఇరుకు దానికి పండగ అని చెబుతున్నారు. ముసలితనంలో ఈదమ్మ మంచాల దారి పక్కన లేచిన బ్రాయిలర్ షెడ్డు ముందు ఆగి, వల కన్నాల్లోంచి తెల్లటి కోళ్ల సముద్రాన్ని చాలాసేపు చూసింది. "ఇందుల తూగేటియి యాడున్నయ్?" అని అక్కడి పనివాణ్ని అడిగింది. "తూగకుంట ముందే నీళ్లల్ల మందు కలుపుతమవ్వా," అన్నాడు అతను. ఆమె ఆ మాటను లోపల ఎక్కడో పెట్టుకొని వెళ్లిపోయింది.

కానీ ఇది ఆ తెల్ల కోళ్లు లేని కాలం సంగతి.

దొరల మీద తిరగబడ్డ రైతుకూలీల సంఘం బలపడిన ఏడాది దొర కుటుంబంతో సహా హైదరాబాదు పారిపోయాడు. ఊరివాళ్లు గడి తలుపులు తీశారు. గూటి తలుపు తీసింది ఈదమ్మే. చీకటికి అలవాటుపడిన కోళ్లు గడప మీద నిలబడి వెలుతురును అనుమానంగా చూశాయి. తర్వాత ఒకటొకటిగా దిగి, ఎవరి వాకిలికి అవి వెళ్లిపోయాయి. ఆ కొన్ని నెలలు ఊరు సగం నిద్రలో, సగం మెలకువలో బతికినట్టు బతికింది. పుంజులు గడి గోడలెక్కి కూశాయి. దొర కూర్చునే అరుగు మీద పెట్టలు గుడ్లు పెట్టాయి. పొద్దున లేచి ఎవరికీ వంతు లేదని గుర్తు చేసుకోవడానికి మనుషులకు కొంతసేపు పట్టేది. దానియేలు సంఘం దళంతో కలిసి రాచకొండ గుట్టల వైపు వెళ్లాడు. వెళ్లేముందు, "వస్త" అన్నాడు. ఎప్పుడో చెప్పలేదు. ఆమె అడగలేదు.

అప్పుడు భారత సైన్యం వచ్చింది. నిజాం లొంగిపోయాడన్నారు, రజాకార్ల పీడ విరగడైందన్నారు. ఊరు సంతోషించింది, సంతోషించడానికి కారణం ఉంది. కానీ ఆ సైన్యం లారీల వెనకే దొర కూడా వచ్చాడు. వెళ్లిన తలుపులోంచే లోపలికి వచ్చాడు. ఈసారి తలకు కాంగ్రెసు తెల్ల టోపీ ఉంది. గడిలో సగం తనకు, సగం క్యాంపుకు. క్యాంపు మీద అధికారి ఒక జమేదారు. ఏ దేశపువాడో ఎవరికీ తెలియదు. ఉర్దూ మాట్లాడేవాడు, రోజూ కోడిమాంసం తినేవాడు. గడి గుమాస్తా పరమేశ్వర్ మళ్లీ వాడకు వచ్చి, ఈదమ్మ గుడిసె ముందు నిలబడి, "గంప యాడ పెట్టినవే?" అన్నాడు. నడుమ ఏమీ జరగనట్టే అన్నాడు.

గూడు మళ్లీ నిండింది. ఒక్క దొర తిండికి కట్టిన వంతు ఇప్పుడు ఒక క్యాంపు తిండికి సాగవలసి వచ్చింది. ఆ గదిలో కోళ్లు ఒకదాని మీద ఒకటి కూర్చునేవి.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున నాగులమ్మ ఈదమ్మను పిలిచింది. నాగులమ్మది ఊరి నడుమ చిన్న సేద్యపు ఇల్లు. నోరు పెద్దది, చెయ్యి కూడా పెద్దదే. అడగకుండా జొన్న గటక పోసే మనిషి. ఆమె వాకిట్లో ఎర్ర పెట్ట ఒకటి ఎండలో కళ్లు మూసుకొని ఊగుతోంది.

"ఈదీ, గిది పొద్దుగాల్నుంచి తూగుతున్నదే. జర పొలిమేర దాటించి రా."

"యాడికి దాటియ్యాలె అక్కా? మంచాల తొవ్వల తుపాకులు పట్టుకొని నిలబడ్డరు. గుట్టలకు బువ్వ మోస్తున్నరని గంపలన్ని దించి చూస్తున్నరు."

"కోడిని గూడ ఆపుతరా?"

"కోడినెందుకు ఆపుతరు? దాని మొగడు సంఘంల లేడు. నన్నాపుతరు."

నాగులమ్మ నవ్వింది. తర్వాత గడి వైపు చూసింది. చూస్తూ చూస్తూ గొంతు తగ్గించింది.

"గడి మన ఊర్లె ఉన్నదానే?"

"ఊర్లె కాకుంటె యాడున్నది?"

"గాడికి పోయింది మల్ల తిరిగొచ్చిందేమన్న ఉన్నదా? గింజ పోతె రాలె. గొడ్డు పోతె రాలె. గది పొలిమేర కాకుంటె ఏంది మరి? నా వంతు గూడ రేపే ఉన్నది."

ఈదమ్మ గడి వైపు తిరిగి చూసింది. తర్వాత ఆమె కూడా నవ్వింది. నాగులమ్మ కోడికి పసుపు పూసి, గడిలో ఎవరైనా గుర్తుపడతారని తోచి కొంగుతో తుడిచేసింది. ఇద్దరూ దానిని గంపలో పెట్టారు. ఆచారం ఆచారంగానే నడిచింది; పొలిమేర ఒక్కటే చోటు మారింది.

ఆ ఆలోచన ఇంటింటికీ పాకింది. ఎవరూ ఎవరితోనూ గట్టిగా చెప్పలేదు. మంచి కోళ్లను గాదెల చాటున దాచుకొని, కునుకు తీస్తున్నదాన్ని గంపలో వేసేవాళ్లు. "మస్తు బలంగ ఉన్నది, జమేదారుకు మంచిగ పెట్టు," అని నవ్వు ఆపుకొనేవాళ్లు. ఆయుధం లేని ఊరు, అడిగే హక్కు లేని ఊరు, రోగాన్నే సర్కారుకు పన్నుగా కట్టింది. దానిని నేరమనేవాడు ముందు ఆ గంపను ఏ చట్టం కింద నింపించారో చెప్పాలి.

గూట్లో ఆ తూగుడు నీడలా వ్యాపించింది. ఒక మధ్యాహ్నం ఈదమ్మ నూకలు తీసుకొని వంగి లోపలికి వెళ్లింది. తలుపులోంచి పడిన వెలుతురులో సన్నని ఈకలు దిగకుండా తేలుతున్నాయి. గదినిండా కోళ్లు, కళ్లు మూసుకొని, ఒకే గాలికి ఊగే జొన్నచేనులా ఊగుతున్నాయి. తమ్మెలు నీలంగా వాచి ఉన్నాయి. ఒక్కటీ అరవలేదు. ఆమె గోడకు ఆనుకొని కూర్చుంది. కూర్చున్నదో లేదో ఆమె కళ్లు కూడా మూతపడ్డాయి. కోళ్లన్నీ బారుగా గూటి బయటికి వచ్చి, చెరువు నీళ్ల మీద కాళ్లు తడవకుండా నడుస్తూ గుట్టల వైపు పోతున్నాయి. ఒక్కొక్కదాని నెత్తిన కుంకుమబొట్టు. అవతలి ఒడ్డున దానియేలు గంప పట్టుకొని నిలబడి, వాటిని పేర్లతో పిలుస్తున్నాడు. కోళ్లకు పేర్లున్నాయని ఆమెకు అంతవరకు తెలియదు. లేచేసరికి కాళ్ల దగ్గర మూడు నాలుగు చచ్చి పడి ఉన్నాయి.

కొద్ది రోజుల్లోనే ఊళ్లో దాచుకున్న కోళ్లూ తూగడం మొదలుపెట్టాయి. నాగులమ్మ వాకిట్లో నిలబడి తన ఆఖరి పుంజును చూస్తూ అంది:

"దాటిపోయిందనుకుంటిమి గదనే."

"కోడి దాటింది అక్కా. నేను దాటలె. పొద్దుగాల గూట్లకు పోత, అటెన్క మీ వాకిట్లకొస్త. నా కాళ్లకు అంటుకొని మల్లొచ్చింది."

గడి ఊరి బయట ఉందని అంతా అనుకున్నారు. గడికీ ఊరికీ మధ్య రోజూ ఒక మనిషి నడుస్తోందన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. ఆ మనిషికీ తట్టలేదు.

గూట్లో కోళ్లన్నీ చచ్చిన పొద్దున పరమేశ్వర్ తలుపు దగ్గర ముక్కు మూసుకొని నిలబడ్డాడు. అతనికి ఒకే మాట తోచింది: విషం. ఆ మాటకు సాక్ష్యం అక్కర్లేకపోయింది, ఎందుకంటే కోళ్లను మేపేది దానియేలు పెండ్లాం. ఈదమ్మను తీసుకొచ్చి గడి వాకిట్లో నిలబెట్టారు. మంచం మీద జమేదారు, పక్కన నిలబడి పరమేశ్వర్. ఫిర్యాదు చేసినవాడే సాక్షి. సాక్ష్యం విన్నవాడే తీర్పరి. ముద్దాయికి వకీలు లేడు, అభియోగపత్రం లేదు, కూర్చోవడానికి చోటు లేదు. తీర్పు మాత్రం సిద్ధంగా ఉంది. అది గేటు దగ్గర ఆగిన లారీ. ఆ లారీ ఎక్కి ఏదో క్యాంపుకు వెళ్లినవాళ్ల గురించి ఊరికి ఏ కబురూ రాలేదు.

"ఏం కలిపినవ్ నూకలల్ల?" అన్నాడు పరమేశ్వర్.

"ఏం కలపలె అయ్యా."

"మరెట్ల చచ్చినయ్?"

"రోగమొచ్చి చచ్చినయ్."

"రోగం గోడలకెల్లి వచ్చిందా? ఎవరింటి కోడి తెచ్చింది? ఇంటి పేరు చెప్పు. ఇప్పుడే ఇంటికి పోతవ్."

ఈదమ్మ గేటు వైపు చూసింది. ఆ క్షణంలో ఆమె ముందున్న చిక్కు ఏ న్యాయస్థానంలోనైనా చిక్కే. విషమని ఒప్పుకుంటే లారీ ఆమెది. రోగమని నిరూపిస్తే, తెలిసి తెలిసి రోగపు కోళ్లను క్యాంపుకు తినబెట్టబోయిన ఊరంతా లారీ ఎక్కాలి. మొదటి వరసలో నాగులమ్మ. తన నిర్దోషిత్వానికి ఉన్న సాక్ష్యమంతా ఇతరుల నేరానికి సాక్ష్యం. గేటు బయట ఆడవాళ్లు గుమిగూడారు. నాగులమ్మ కొంగు నోట్లో కుక్కుకొని ఉంది. ఈదమ్మ ఆడబిడ్డ సుసన్న పెదవులు కదుపుతోంది. ప్రార్థిస్తోందో, తిడుతోందో తెలియదు.

"యాదికి లేదు," అంది ఈదమ్మ. "అన్ని మంచిగనే ఉండె. మీ గూట్లె పడ్డంకనే తూగినయ్."

"అంటె దొర గూటిదే తప్పంటవ్."

"తప్పో ఒప్పో నాకెర్క లేదు. విషం మాత్రం గాదు. ఇప్పుడు చచ్చినదాన్ని ఒకదాన్ని వండియ్యుండ్రి. తింట."

పరమేశ్వర్ ఆ మాటను ఉర్దూలోకి మార్చాడు. జమేదారు మొదటిసారి ఆమెను సరిగ్గా చూశాడు. తర్వాత తల ఊపాడు.

"కోడికూర తినాలెనని పెద్ద ఉపాయమే జేసినవ్," అన్నాడు పరమేశ్వర్.

"అవ్ అయ్యా. తిని శాన్నాళ్లయింది."

కుప్పలోంచి కోడిని జమేదారే ఏరాడు. గడి వంటింట్లోకి దాన్ని రానివ్వలేదు, ఆమెనూ రానివ్వలేదు. వాకిట్లో మూడు రాళ్లు పెట్టి క్యాంపు వంటవాడు ఉడికించాడు. చచ్చిన గొడ్డు, చచ్చిన కోడి వాడకు కొత్త కాదు. బతికి ఉన్నదాన్ని ఊరు తిని, చచ్చినదాన్ని వాడకు హక్కుగా ప్రసాదించిన ధర్మం అది. ఆ ధర్మం ఇచ్చిన ధైర్యంతోనే ఈదమ్మ నేల మీద కూర్చొని కుండను ముందుకు జరుపుకుంది. అయితే రోగంతో చచ్చినవి తిని మంచాన పడ్డవాళ్లు కూడా ఆమెకు తెలుసు. మొదటి ముద్దను నోటి దగ్గర ఆపి వాసన చూసింది.

తర్వాత ఆపలేదు. తొడ, రొమ్ము, మెడ, కాలేయం. పుట్టి బుద్ధెరిగాక ఒక కోడిని ఒక్కతే తినడం ఆమెకు అదే మొదలు. ఇంట్లో కోసినప్పుడు ముక్కలు మగవాళ్లకూ పిల్లలకూ పోయి, చివరికి ఆమెకు పులుసు మిగిలేది. ఇక్కడ పంచుకోవడానికి ఎవరూ రాలేదు. సిపాయిలు దూరం జరిగారు. ఆమె ఎముకలను కొరికి మూలిగ పీల్చుకుంది. ఆ చప్పుడు తప్ప గడిలో మరో చప్పుడు లేదు.

కుండ ఖాళీ అయింది. "ఇక్కడనే కూర్చో, పొద్దు గుంకెదాక," అన్నాడు పరమేశ్వర్.

ఆమె గోడకు ఆనుకొని కూర్చుంది. ఎండ ఏటవాలుగా మారింది. గాలికి ఎక్కడినుంచో ఈకలు ఎగిరివచ్చి వాకిట్లో నేలకు ఆనీ ఆనకుండా తిరిగాయి. ఈదమ్మ తల మెల్లగా ముందుకు వాలింది; వెనక్కి వెళ్లింది; మళ్లీ వాలింది. కళ్లు రెండూ మూతపడ్డాయి.

"తూగుతున్నది," అన్నాడు పరమేశ్వర్. అతని గొంతులో మొదటిసారి భయం వినిపించింది.

జమేదారు మంచం మీదినుంచి లేచాడు. గేటు బయట సుసన్న పెదవులు కదపడం ఆపేసింది. నాగులమ్మ గేటు కడ్డీలు పట్టుకొని, ఇక చెప్పేద్దామని నోరు తెరిచింది. పక్కనున్న ముసలామె ఆమె మణికట్టు పట్టుకొని ఆపింది.

ఈదమ్మ వాళ్లకు చాలా దూరంలో ఉంది. గుట్టల మీద చల్లటి రాతి మీద కూర్చుంది. పక్కన దానియేలు ఉన్నాడు, మాట్లాడడం లేదు. మాట్లాడవలసిన పని లేదన్నట్టు ఉన్నాడు. కింద ఊరు కనిపిస్తోంది, గడి కనిపిస్తోంది, కానీ గడికి గోడలు లేవు. ఎవరో తీసి పక్కన పెట్టినట్టున్నాయి. కడుపు నిండి ఉంది. నిండిన కడుపు బరువు అంత సుఖంగా ఉంటుందని, అది కాళ్లలోకీ వేళ్లలోకీ దిగుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తాను చచ్చిపోతోందేమో అని ఒకసారి అనుకుంది. అనుకొని, ఇది అట్లాంటిది కాదని తేల్చుకొని, ఇంకా లోపలికి నిద్రపోయింది.

జమేదారు దగ్గరికి వచ్చి వంగి చూశాడు. ఆమె గురక పెడుతోంది.

పశువులు ఇళ్లకు తిరిగి వస్తున్న వేళ, ఆ దుమ్ములో ఎండ ఎర్రబడ్డాక ఆమె కళ్లు తెరిచింది. చుట్టూ నిలబడ్డ బూట్లను ఒకటొకటిగా చూసి, తానెక్కడుందో గుర్తు తెచ్చుకుంది.

"జర నీళ్లుంటె పొయ్యుండ్రి," అంది.

జమేదారు విసుగ్గా చెయ్యి ఊపాడు. అతనికి కావలసింది శత్రువు, దొరికింది రోగం. రోగం మీద అతనికి ఆసక్తి లేదు. గూటిని రాళ్లతో మూసేయమని, కోళ్లను గుంత తీసి పూడ్చమని చెప్పాడు. ఆ రోజునుంచి క్యాంపుకు మాంసం హైదరాబాదునుంచి లారీలో వచ్చింది. ఏ ఇంటి కోడి అన్న ప్రశ్నను పరమేశ్వర్ ఇంకోసారి ఎత్తబోయాడు. జమేదారు అప్పటికే లోపలికి వెళ్లిపోయాడు. నేరం ఎక్కడా నమోదు కాలేదు కనుక నిర్దోషి అన్న మాట కూడా ఎక్కడా నమోదు కాలేదు. ఒక మనిషిని చావు అంచుదాకా నడిపించిన ఆ పగటికి ఈ దేశంలో ఏ కచేరీలోనూ ఒక్క కాగితం లేదు.

"రేపు గంప తెచ్చుకొని రా," అన్నాడు పరమేశ్వర్, ఏదో ఒకటి అనాలి కనుక.

"దేనికి అయ్యా?" అంది ఈదమ్మ. "ఊర్లె కోడి లేదు."

ఆమె గేటు దాటి వచ్చింది. ఆడవాళ్లు చుట్టూ మూగారు. నాగులమ్మ ఆమెను ముట్టుకోబోయి ఆగి, మళ్లీ మనసు మార్చుకొని రెండు చేతులతో భుజాలు పట్టుకుంది. ఊరి నడిబజారులో, నలుగురూ చూస్తుండగా, మాలవాడ మనిషిని.

"మా పేర్లు చెప్పినవానే?"

"నేను తినుట్ల ఉంటి. మాట్లాడుడెప్పుడు?"

ఎవరో నవ్వబోయి ఏడ్చారు. వాడ మలుపు దగ్గర సుసన్న, చాలాసేపటినుంచి అడగాలని ఉండి అడగలేకపోయిన మాట అడిగింది.

"కూరెట్లుండె వదినె?"

ఈదమ్మ ఆలోచించింది. న్యాయంగా చెప్పాలనుకున్నట్టు నిలబడి మరీ ఆలోచించింది.

"కారమే లేదే. రోగపు కోడిని వండినట్టు లేదు, రోగిష్టోళ్లకు వండినట్టున్నది."